కుడిచెయ్యి, ఎడమచెయ్యి, సెల్‌ఫోను

క్రిస్మస్ వారం వచ్చిందంటే మన సంఘాల్లో దుప్పట్లు పంచడం ఆనవాయితీ. మంచి ఆనవాయితీయే. అయితే కొన్నేళ్ళుగా దానికొక తోక మొలిచింది. దుప్పటి ఇచ్చేవారు నలుగురు, పుచ్చుకునే అవ్వ ఒకతె, ఎదురుగా సెల్‌ఫోను. ఫొటో సరిగా రాకపోతే ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్ళీ ఇస్తారు. సాయంత్రానికల్లా ఆ అవ్వ ముఖం వాట్సాప్ స్టేటస్‌లో ఊరంతా తిరుగుతుంది. ఆమె మనవడు ఏ బడిలోనో చదువుతుంటాడు. ఆ ఫొటో వాడి క్లాసు పిల్లల కంటపడితే మర్నాడు వాడు ఏ ముఖం పెట్టుకుని బడికి వస్తాడు? పిల్లల మధ్య బతికే ఉపాధ్యాయుణ్ణి కనుక నాకు ముందు తోచేది అదే.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు ఈ సంగతే మాట్లాడారు. ధర్మం చేస్తూ బూర ఊదించుకునే వారిని ఏమని పిలిచారో గుర్తుందా? మన తెలుగు బైబిలులో ఆ మాట వేషధారులు. మూలంలోని గ్రీకు మాటకు రంగస్థల నటుడని అర్థం. మన అనువాదకులు ఎంత చక్కని మాట పట్టుకున్నారో చూడండి! వీధిభాగోతం చూసిన తెలుగువారికి వేషం కట్టడమంటే విడమరచి చెప్పనక్కరలేదు. వేషగాడు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే చూసేవారు లేనిదే అతని ఆట లేదు. దుప్పటి సంగతి అలా కాదు. ఎవరూ చూడకపోయినా అవ్వకు చలి ఆగుతుంది.

ఇంకొక విశేషం. అటువంటివారు తమ ఫలం పొందేశారని చెప్పినచోట ఉన్న గ్రీకు క్రియ, ఆ కాలంలో రశీదుల మీద రాసే మాట. సొమ్ము ముట్టింది, ఇక బాకీ లేదు అని. మన పద్దుల్లో ‘చెల్లు’ అన్నట్టు. ఫేస్‌బుక్ 2009లో లైకు మీట పెట్టింది. వంద లైకులు వస్తే వంద రశీదులు వచ్చినట్టే. లెక్క అక్కడికి చెల్లు!

మరి అదే సువార్త ఐదవ అధ్యాయంలో మన వెలుగును దాచవద్దన్నారు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వరద వచ్చినప్పుడు, ఎవరికైనా రక్తం కావలసినప్పుడు నలుగురికీ తెలిసేలా పెట్టాల్సిందే. అక్కడ కనపడేది అవసరం, మనం కాదు. ఫోను ముట్టనని పదిమందితో చెప్పుకుని తిరగడం కూడా, నన్నడిగితే, ఒక వేషమే.

లెక్కల మోజు ఫోనుతోనే పుట్టలేదు. చెన్నపట్నంలో మనం దాటుతుండే బకింగ్‌హాం కాలువనే తీసుకోండి. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో కొంత భాగం తవ్వించే పని ఒప్పుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం కావాలని ఎందరో అడిగారు. తిండికోసం వచ్చారన్న మాట ఉండకూడదని ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి 1878 జూలై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె తర్వాత దేశదేశాల సంఘాల్లో మారుమోగింది. కాని ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు.

ఇక దుప్పట్ల మాటకొస్తే, చందా ఇచ్చినవారికి లెక్క చూపాలి, నిజమే. అందుకు కొట్టు బిల్లు, దుప్పట్ల మూటల ఫొటో చాలు. అవ్వ ముఖం అక్కరలేదు. మీ సొంత స్టేటస్ సంగతా? వాట్సాప్ సెట్టింగుల్లో రీడ్ రిసీప్ట్స్ ఆపేస్తే మీ స్టేటస్ ఎవరెవరు చూశారో మీకు కనపడదు. ఇన్‌స్టాగ్రాంలో 2021 నుంచి లైకుల లెక్క దాచుకునే వీలుంది. ఒక్క వారం ఆపి చూడండి. మొదటి రెండు రోజులూ చెయ్యి ఊరుకోదు.