జీవాలతో పట్నం ప్రయాణం: ట్రాఫిక్‌లో ఆగిన బండితోనే అసలు నష్టం

ఎల్లారెడ్డిపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో గొర్రెలు, మేకలు పెంచేవారిలో కొందరు మంచి ధర కోసం జీవాలను హైదరాబాద్‌లోని జియాగూడ మండీకి తీసుకెళ్తుంటారు. బక్రీద్, బోనాల సమయంలో ఈ రాకపోకలు మరింత పెరుగుతాయి. ఇంటి దగ్గర బలంగా కనిపించిన పొట్టేలు మండీలో దిగేసరికి తల వేలాడేస్తుంది. వ్యాపారి ధర తగ్గిస్తాడు. దూరం వల్లే ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి పల్లె నుంచి శామీర్‌పేట వరకు జరిగే నష్టం తక్కువ, అక్కడి నుంచి మండీ వరకు జరిగేదే ఎక్కువ.

నగరంలోనే ఎందుకు?

బండి నడుస్తున్నంతసేపు గాలి ఆడుతుంది. జీవాల ఒంటి వేడి, మూత్రం వల్ల పుట్టే ఘాటు వాయువు బయటకు పోతాయి. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే గాలి ఆగుతుంది. వేడి తొట్టిలోనే నిలిచిపోతుంది. గొర్రె శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఒంటి మీద ఉన్నితో, పక్క జీవాల ఒరిపిడితో ఆ వేడిని వదిలించుకోవడానికి అది వేగంగా ఊపిరి తీయాలి. అలా రొప్పినకొద్దీ ఒంట్లోని నీరు తగ్గి బరువు పడిపోతుంది.

దీనికి తోడు హారన్ల మోత, మాటిమాటికీ వేసే బ్రేకులు. ప్రతి బ్రేకుకు జీవాలు ముందుకు తూలి, మళ్లీ నిలదొక్కుకోవాలి. పడిపోయిన జీవం మిగతావాటి కాళ్ల కింద నలుగుతుంది. ఈ ఒత్తిడితో రోగనిరోధక శక్తి తగ్గి, తర్వాతి రోజుల్లో న్యుమోనియా వంటి శ్వాసకోశ వ్యాధులు వచ్చే ప్రమాదం ఉంది.

బండిలో ఎన్ని ఎక్కించాలి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 125-ఈ ప్రకారం ఒక గొర్రెకు లేదా మేకకు 0.3 చదరపు మీటర్ల చోటు, అంటే సుమారు 3.2 చదరపు అడుగులు ఉండాలి. ఇది 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో 40 చదరపు అడుగుల చోటు ఉంటుంది. అందులో 12 జీవాలే పడతాయి.

"కిరాయి గిట్టదు" అని 20 ఎక్కించేవారు ఈ లెక్క చూడండి. కిరాయి రూ.6,000 అనుకుందాం. 12 జీవాలైతే ఒక్కోదానికి రూ.500, 20 అయితే రూ.300 పడుతుంది. 20 జీవాల మీద మిగిలేది రూ.4,000. రూ.12,000 పలికే పొట్టేలు ఒక్కటి చనిపోయినా దానికి మూడు రెట్లు పోతుంది. మిగతావాటి బరువు తగ్గడం అదనం. పైగా కిక్కిరిసి ఎక్కించడం జంతు హింస నివారణ చట్టం, 1960 కింద నేరం.

బయలుదేరే ముందు

• బండి మాట్లాడేటప్పుడే జీవాల రవాణాకు అనుమతి ఉందో లేదో అడగండి. పశువైద్యాధికారి దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోండి.
• నెలలు నిండిన చూడి గొర్రెలను, జబ్బుపడినవాటిని ఎక్కించవద్దు.
• ఎక్కించే ముందు దాణా కడుపునిండా పెట్టవద్దు. కొద్దిగా ఎండుగడ్డి వేసి, చివరి వరకు నీళ్లు అందుబాటులో ఉంచండి.
• తొట్టిలో 2 అంగుళాల మందంగా వరిగడ్డి పరవండి. కాళ్లు జారవు.
• పొట్టేళ్లను, ఆడ జీవాలను, పిల్లలను అడ్డుపలకలతో వేరు చేయండి. కాళ్లు కట్టవద్దు.
• పైన టార్పాలిన్ నీడ ఉండాలి, పక్కలు మాత్రం మూయవద్దు.
• ఎత్తైన గట్టుకు బండి ఆనించి నడిపించి ఎక్కించండి. ఉన్ని పట్టి, కాలు పట్టి లాగవద్దు.

వేళ, దారి

మన దగ్గర నుంచి సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారిపై గానీ, కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై గానీ వెళ్లవచ్చు. ఏ దారైనా తెల్లవారుజామున 5 గంటలలోపు మండీకి చేరేలా అర్ధరాత్రికే బయలుదేరడం మేలు. ఆ వేళ ఎండ ఉండదు, సిగ్నళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగే పని ఉండదు. నగరంలో సరుకు వాహనాలకు వేళల ఆంక్షలు ఉంటాయి, అవి మారుతుంటాయి కూడా. ముందే తెలుసుకోండి.

ఆలస్యమై తెల్లవారితే సికింద్రాబాద్ మీదుగా నగరం మధ్యలోకి దూరవద్దు. శామీర్‌పేట లేదా మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పటాన్‌చెరు వైపు తిరిగి, అప్పా జంక్షన్ దగ్గర దిగి, లంగర్‌హౌజ్ మీదుగా జియాగూడ చేరవచ్చు. కిలోమీటర్లు పెరుగుతాయి, టోల్ కట్టాలి. కానీ నగరం మధ్యలో ఆగినన్నిసార్లు బండి ఆగదు.

డ్రైవర్ గురించి

రాత్రి నడిపే డ్రైవర్ పగలు తప్పనిసరిగా నిద్రపోవాలి. జీవాలు ఒక పక్కకు ఒరిగితే బండి బరువు కూడా ఒరుగుతుంది. అందుకే మలుపుల దగ్గర వేగం తగ్గించాలి. ముందు బండికి దూరం పాటిస్తే గట్టిగా బ్రేకు వేసే అవసరం రాదు. తోడు మనిషి క్యాబిన్‌లోనే కూర్చోవాలి, జీవాల మధ్య కాదు. నగరంలోకి వెళ్లే ముందు ఒకసారి బండి ఆపి, టార్చి వేసి అన్ని జీవాలనూ చూడాలి.

నోరు తెరిచి రొప్పడం, నాలుక బయటపెట్టడం, నురగ కార్చడం, పడుకుని లేవకపోవడం ప్రమాద సూచనలు. అలాంటి జీవాన్ని నీడకు దించి, తలపై, కాళ్లపై, పొట్ట కింద చల్లని నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచండి. తాగడానికి నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వండి. వెంటనే 1962కు ఫోన్ చేయండి.

మండీకి చేరాక

దించగానే బేరానికి నిలబెట్టవద్దు. నీడలో ఉంచి, కొద్దిగా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పెట్టండి. రెండు, మూడు గంటల విశ్రాంతి దొరికితే జీవం తేరుకుంటుంది. అమ్ముడుపోక తిరిగి తెచ్చినవాటిని నేరుగా మందలో కలపవద్దు. మూడు వారాలు వేరుగా ఉంచి గమనించండి. మండీలో సోకిన రోగం మంద మొత్తానికి పాకవచ్చు.

ఐదారు జీవాలే ఉన్నవారు ఒక్కరే బండి కట్టుకుని వెళ్లడం కంటే, ఊళ్లోని పెంపకందారులంతా కలిసి వ్యాపారిని ఇక్కడికే పిలిపించి, కాటా మీద తూకం వేసి అమ్మడం మంచిది. ధర కిలోకు కొంత తగ్గినా కిరాయి, టోల్, తరుగు, చావు భయం ఉండవు. బేరం కుదుర్చుకునే ముందు ఈ ఖర్చులన్నీ కాగితం మీద రాసి, రెండు లెక్కలూ పోల్చి చూసుకోండి.