అద్దం, టార్చిలైటు, ఒక చింతకాయ

'క' అనండి. నాలుక వెనకభాగం లేచి, అంగిలి చివర మెత్తగా ఉన్నచోట తగులుతుంది. 'ట' అంటే నాలుక కొస వెనక్కి మడుచుకుని గట్టి అంగిలిని తాకుతుంది. 'త' అంటే పైపళ్ళ వెనక్కి వస్తుంది. 'ప'కి నాలుకతో పనే లేదు, పెదవులు చాలు. పలక మీద దిద్దిన హల్లుల వరస గొంతు దగ్గర బయల్దేరి పెదవుల దగ్గర ఆగుతుంది. బిడిఎస్ మొదటి ఏడాది పిల్లలకు నోటి నిర్మాణం చెప్పేటప్పుడు నేను ముందు పుస్తకం తెరవనివ్వను. కచటతపలు అనిపిస్తాను. క్లాసంతా నవ్వుతుంది, నవ్వనీ. ఆ తర్వాత తలో అద్దం, తలో టార్చి.

తెలుగువాళ్ళకు ఇందులో ఓ వెసులుబాటు ఉంది. 'చీమ' అని, వెంటనే 'చాప' అని చూడండి. రాతలో ఒకటే 'చ', నోట్లో మాత్రం రెండు. చీమకి నాలుక అంగిలి మీదికి పోతుంది, చాపకి పైపళ్ళ దగ్గరికి జరుగుతుంది. ఈ రెండింటి మధ్య నాలుకతో తడిమితే అడ్డంగా గరుకు గరుకు గీతలు తగులుతాయి. రూగే అంటారు వాటిని. ఇవి ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు, అందుకే గుర్తుపట్టరాని శవాల విషయంలో వీటి అచ్చులు కూడా పనికొస్తాయి. పైన పళ్ళ సెట్టు కొత్తగా పెట్టించుకున్న పెద్దవాళ్ళకు కొన్నాళ్ళు మాట తేడాగా రావడానికీ కారణం ఇక్కడే ఉంది. నాలుకకు అలవాటైన నేల మీద ఎవరో ప్లాస్టిక్ పరిచేశారు మరి.

గట్టి అంగిలిలో ఎముక ఉంటుంది. వెనక మెత్తటి అంగిలిలో కండరాలే. మనం మింగినప్పుడు అది లేచి ముక్కు దారిని మూసేస్తుంది. 'మ' అనేటప్పుడు కిందికి దిగి గాలిని ముక్కులోకి వదులుతుంది. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని 'మామ' అనండి, ఏం వినపడుతుందో చూడండి. తల్లి కడుపులో ఉండగా రెండు పక్కల నుంచి పెరిగిన పలకలు సుమారు 8 నుంచి 12 వారాల మధ్య కలుసుకుని అంగిలి అవుతాయి. అవి కలవకపోతే బిడ్డ అంగిలి చీలికతో పుడుతుంది, మాటంతా ముక్కులోంచి వస్తుంది. మెత్తటి అంగిలి చివర వేలాడేదే కొండనాలుక. సామెతలో మందు వేయించుకున్నది అదే. డాక్టర్లు 'ఆ' అనమనేది గొంతు చూడ్డానికే కాదు, అది తిన్నగా లేస్తోందా అని కూడా. ఒక పక్క నరం దెబ్బతింటే కొండనాలుక బాగున్న పక్కకు ఒరుగుతుంది.

ఇప్పుడు చింతకాయ. కొరకక్కర్లేదు, వాసన చూస్తే చాలు. అద్దంలో నాలుక పైకెత్తి చూస్తే కింద మధ్యలో ఓ సన్నటి తాడు లాంటి పొర, దానికి అటూ ఇటూ నీలం సిరలు, పొర మొదట్లో ఆవగింజంత రెండు బుడిపెలు కనిపిస్తాయి. కాసేపు కదలకుండా ఉంటే వాటిలోంచి తేటగా నీరు ఊరుతుంది, ఒక్కోసారి చిమ్ముతుంది కూడా. ఆవలించినప్పుడు ఎదుటివాళ్ళ మీద తుంపర పడేది ఇక్కడి నుంచే. దవడ కిందున్న గ్రంథుల గొట్టాలు తెరుచుకునే చోటు ఇది.

రెండో ఊట బుగ్గలో ఉంది. నాలుక కొసతో పైదవడలో రెండో దవడపన్ను పట్టుకోండి. జ్ఞానదంతం రానివాళ్ళకైతే అదే చివరిది. దానికి ఎదురుగా బుగ్గ లోపల చిన్న గుబ్బ తగులుతుంది. చెవి ముందున్న పెరోటిడ్ గ్రంథి గొట్టం ఆ గుబ్బ దగ్గర తెరుచుకుంటుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది ఈ గ్రంథే. అప్పుడు పులుపు తింటే ప్రాణం పోయినట్టుంటుంది, గ్రంథి వాచి ఉండగానే లాలాజలం ఉరకబోతుంది కాబట్టి. ఈ గొట్టాన్ని 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికొలస్ స్టెనో అనే కుర్రాడు గొర్రె తల కోస్తూ గమనించాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. తలకాయ కూర వండే ఇళ్ళలో ఆ గొట్టం ఎన్నిసార్లు కత్తి కింద పడి ఉంటుందో!

విద్యార్థికి ఈ రెండు ఊటలూ ఎందుకంటే, గార ఎక్కడ పడుతుందో ఇవే చెబుతాయి. లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. ఊట పక్కనే ఉన్న పళ్ళ మీది పాచిని అవి గట్టిపరుస్తాయి. అందుకే గార ముందుగా పేరుకునేది కింది ముందు పళ్ళ వెనక, పైదవడ పళ్ళ బుగ్గవైపు. కుర్చీలో కూచున్న మనిషి నోరు తెరవగానే అద్దం తిన్నగా ఆ రెండు చోట్లకే పోవాలి.

నాలుక గురించి ఒక్క దిద్దుబాటు చెప్పి వదిలేస్తాను. కొసన తీపి, పక్కన పులుపు, వెనక చేదు అని చిన్నప్పుడు చూసిన బొమ్మను మరిచిపోండి. 1901లో ఒక జర్మన్ పరిశోధకుడు కొలిచిన చిన్న చిన్న తేడాలను తర్వాతివాళ్ళు పెద్దవి చేసి గీసిన పటం అది. రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఉప్పు చిటికెడు నాలుక కొసన వేసుకుంటే ఆ పటం అక్కడితో సరి.

ఇక పళ్ళు. పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు సందు ఉంది. ఆ సందు నిండా సన్నటి నారపోగులు. పెరియోడాంటల్ లిగమెంట్ అనే ఈ నారే పన్నును ఉయ్యాలలా పట్టుకుంటుంది. క్లిప్పులు పెడితే పళ్ళు జరిగేదీ దీనివల్లే. అన్నంలో ఇసక రేణువు పడితే తటాలున ఆగిపోతాం చూడండి, ఆ కబురు చెప్పేది పన్ను మీది పింగాణి పొర కాదు, ఈ నారలోని నరాలు. వెంట్రుక కన్నా సన్నటిది పళ్ళ మధ్య పడినా వీటికి తెలుస్తుంది. కట్టుడు పళ్ళ తాతగారికి రాయి అంత తొందరగా తెలియదు. ఇంప్లాంటు పన్ను ఎంత ఖరీదైనదైనా దాని చుట్టూ ఈ నార ఉండదు.

"కింది పన్ను పీకడానికి సూది ఎక్కడో చివర గుచ్చారేంటండీ?" అని పేషెంట్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పైదవడ ఎముక గుల్లగా ఉంటుంది, పన్ను పక్కన పెట్టిన మందు ఇంకి నరానికి అందుతుంది. కింది దవడ వెనక పళ్ళ దగ్గర ఎముక బండ, మందు ఇంకదు. కాబట్టి నరం ఎముకలోకి దూరే ద్వారం దగ్గరే దాన్ని పట్టుకోవాలి. నోరు బాగా తెరిచి అద్దంలో చూడండి. చివరి దవడపన్ను వెనక నుంచి పైకి నిలువుగా ఒక మడత సాగి ఉంటుంది. డాక్టరుకు అదే కొండగుర్తు. ద్వారం దానికి బయటి పక్క, దవడ ఎముక లోపలి ముఖం మీద ఉంటుంది. నరం అందులో దూరి, వెనక పళ్ళ కిందుగా నడిచి, చివరికి గడ్డం దగ్గర ఓ రంధ్రంలోంచి బయటికొచ్చి పెదవికి చేరుతుంది. "పెదవి మొద్దుబారిందా?" అని అడిగేది అందుకే. ఆ జవాబు అవును అయితేనే సూది సరైన చోట పడ్డట్టు. పిల్లలకు ద్వారం ఇంకా కిందుగా ఉంటుంది, పెద్దవాళ్ళకు గుచ్చినంత ఎత్తులో గుచ్చితే గురి తప్పుతుంది. ఇంటికి పంపేటప్పుడు తల్లికి ఒక మాట చెప్పాలి, మొద్దుబారిన పెదవిని పిల్లాడు సరదాగా నమిలి పుండు చేసుకుంటాడని.

పళ్ళ నంబర్లు ఎలా పలకాలో కూడా చెప్పాలి. నోటిని నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలో ముందు నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కిస్తారు. ఎడమ కింది భాగం మూడోది. అందులో ఆరో పన్ను 36. 'ముప్పై ఆరు' అనకూడదు, 'త్రీ సిక్స్' అనాలి. పాపం ఈ పన్ను మీద నాకు కొంచెం పక్షపాతం.

ఎందుకంటే అది ఆరేళ్ళకు ఏ పాలపన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వరసకు వెనక, చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఏడేళ్ళ పాపకు అందులో పెద్ద గుంట చూపిస్తే, "పాలపన్నే కదండీ, ఎలాగూ ఊడిపోయేదేగా" అన్న అమ్మమ్మలు ఎందరో. "కాదమ్మా, ఇది ఆఖరిదాకా ఉండాల్సిన పన్ను" అంటే నమ్మలేనట్టు చూస్తారు. బిడ్డ పుట్టే వేళకే దాని పింగాణి కట్టడం మొదలవుతుంది. పన్ను బయటికొచ్చాక పింగాణి కట్టే కణాలు మిగలవు, కాబట్టి పోయిన పింగాణి తిరిగి రాదు. పైగా దాని తల మీద లోతైన గాళ్ళు ఉంటాయి. బిస్కెట్ పిండి అందులో దూరితే బ్రష్ పీచు కూడా అందుకోలేదు. ఆ గాళ్ళను పలచటి సీలంటుతో మూసేయడం కొద్ది నిమిషాల పని, సూది గుచ్చక్కర్లేదు.

మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే రేపు పొద్దున పళ్ళు తోమేటప్పుడు టార్చి వేసి చూడండి. మధ్య నుంచి లెక్కపెట్టండి. ఒక పక్కన పాలపళ్ళు అయిదే ఉంటాయి. ఆరోది కనిపించిందంటే అది మళ్ళీ రాని పన్ను.