ఒక ఓల్టుకు ఒక స్థాయి

వీణ తీగను బిగిస్తే శ్రుతి పెరుగుతుంది. సడలిస్తే తగ్గుతుంది. మరి తీగే లేని వాయిద్యంలో శ్రుతిని మార్చడం ఎలా?

అలాంటి వాయిద్యమే మాడ్యులర్ సింథసైజరు. ఇది చిన్న చిన్న విద్యుత్ పెట్టెల సముదాయం. ఒక్కో పెట్టె ఒక మాడ్యూలు. ఒకటి కంపనాలను పుట్టిస్తుంది. ఒకటి ఆ ధ్వనిని వడగడుతుంది. మరొకటి గట్టిదనాన్ని పెంచి తగ్గిస్తుంది. వీటిని తీగలతో మనకు నచ్చిన వరుసలో కలుపుకోవచ్చు. 1960ల మధ్యలో అమెరికాలో రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా వేర్వేరుగా ఇలాంటి యంత్రాలను నిర్మించారు. 1969లో మూగ్ యంత్రమొకటి అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చింది.

రాగానికి లెక్క

స్వరాలను గుర్తులుగా రాయవచ్చునని మీకు తెలుసు. కలికిరికి దగ్గరలోని మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు బస చేసినప్పుడు, ‘జనగణమన’ బాణీని మార్గరెట్ కజిన్స్ స్వరలిపిలో రాశారు. కాగితం మీద స్వరానికొక గుర్తు ఉన్నట్లే, సింథసైజరులో స్వరానికొక ఓల్టేజి ఉంటుంది.

మూగ్ పెట్టిన నియమం తేలికైనది: 1 ఓల్టు పెంచితే శ్రుతి ఒక స్థాయి పెరగాలి. అంటే పౌనఃపున్యం రెట్టింపు కావాలి. స్థాయికి 12 స్వరస్థానాలు. కాబట్టి ఒక్కో మెట్టుకు 1/12 ఓల్టు, అంటే సుమారు 83 మిల్లీఓల్టులు. మోహన రాగం తీసుకుందాం. షడ్జమం నుంచి రి 2 మెట్లు, గ 4, ప 7, ద 9. షడ్జమాన్ని 0 ఓల్టులనుకుంటే రి 0.167, గ 0.333, ప 0.583, ద 0.75 ఓల్టులు. తారషడ్జమం 1 ఓల్టు.

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల దాకా వింటుంది. 20ని పదిసార్లు రెట్టింపు చేస్తే 20,480. అంటే 10 స్థాయిలకు 10 ఓల్టులు చాలు. నేటి మాడ్యూళ్లలో చాలావాటికి విద్యుత్తు ధన 12, రుణ 12 ఓల్టుల వద్ద అందుతుంది. ఇది మొదటి హద్దు. దాన్ని దాటి స్థాయిలు పెంచుకుంటూ పోలేము.

ఎండ తెచ్చే చిక్కు

ఓల్టేజిని రెట్టింపుల లెక్కలోకి మార్చే పని ట్రాన్సిస్టరుది. కాని దాని ధర్మం ఉష్ణోగ్రతతో డిగ్రీకి సుమారు 300వ వంతు మారుతుంది. ఇది ఎంత? కలికిరిలో వేసవి ఉదయం 25 డిగ్రీలు, మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉందనుకుందాం. తేడా 15 డిగ్రీలు, అంటే 20వ వంతు మార్పు. 12 మెట్లలో 20వ వంతు 0.6 మెట్టు. పొద్దున సరిగ్గా పలికిన తారషడ్జమం, మధ్యాహ్నం నిషాదం వైపు సగం మెట్టుకు పైగా జారిపోతుందన్నమాట!

దీనికి విరుగుడు ఉంది. వేడితో పాటు అదే నిష్పత్తిలో నిరోధం పెరిగే ప్రత్యేక నిరోధకాన్ని వాడతారు. అప్పుడు ట్రాన్సిస్టరుకు అందే ఓల్టేజి కూడా తగినంత పెరిగి, తప్పును సరిచేస్తుంది. అయితే ఆ నిరోధకం ట్రాన్సిస్టరును ఆనుకొని ఉండాలి. రెండింటికీ ఒకే వేడి తగలకపోతే ఫలితం లేదు.

ఏది ఉంచాలి? ఏది వదలాలి?

ఇప్పుడు మీరే ఒక ‘రాగ మాడ్యూలు’ రూపొందిస్తున్నారనుకోండి. ఏ ఓల్టేజి వచ్చినా దాన్ని మోహనంలోని దగ్గరి స్వరానికి జరిపితే చాలు, అపస్వరం రాదు. ఇలా జరిపే పరికరాన్ని క్వాంటైజరు అంటారు. బాగానే ఉంది. కాని గమకం మాటేమిటి? మన సంగీతంలో స్వరం నుంచి స్వరానికి జారడం, ఊగడం ఉన్నాయి. మెట్ల మధ్య చోటును చెరిపేస్తే అవీ పోతాయి.

మెట్ల నడుమ జారుడు కావాలంటే ఒక నిరోధకం, ఒక కెపాసిటరు చేర్చవచ్చు. లక్ష ఓములు, 1 మైక్రోఫారడ్ తీసుకుంటే వాటి కాలస్థిరాంకం 0.1 సెకను. ఓల్టేజి మెట్టు దూకకుండా మెల్లగా చేరుతుంది. అయినా అది పూర్తి గమకం కాదు. వాదకుని వేలు పక్క స్వరాన్ని తాకి వెనక్కి రాగలదు. కెపాసిటరు మాత్రం కొత్త స్వరం వైపే సాగుతుంది. అందుచేత క్వాంటైజరును ఆపే ఒక స్విచ్చి, వేలితో ఓల్టేజిని నడిపే ఒక మార్గం కూడా ఉండాలి.

ఇన్ని సౌకర్యాలకు చోటెక్కడ? 1990లలో జర్మనీలో డోఫర్ సంస్థ ప్రవేశపెట్టగా వ్యాపించిన యూరోరాక్ పద్ధతిలో మాడ్యూలు ఎత్తు 128.5 మిల్లీమీటర్లే. మీటలను 2 సెంటీమీటర్ల ఎడంలో పెడితే నిలువు వరుసలో అయిదారుకు మించి పట్టవు. తీగలు గుచ్చే రంధ్రాలకూ చోటు కావాలి. కనుక ప్రతి కొత్త మీటకు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది లేకపోతే సంగీతంలో ఏది పోతుంది?

హిందోళంలో గ 3, మ 5, ద 8, ని 10 మెట్లు. వీటి ఓల్టులు లెక్కకట్టండి. తర్వాత మీ రాగ మాడ్యూలు బొమ్మను కాగితం మీద గీయండి. అయిదు మీటలే ఇస్తే మీరు వేటిని ఎంచుకుంటారు?