దాచిన పాస్‌వర్డ్‌కు తాళం ఉందా?

వెబ్‌సైట్లు నడిపేవారు పేజీలను, బొమ్మలను సర్వర్‌కు ఎక్కించడానికి వాడే ఫైల్ బదిలీ ప్రోగ్రాములు ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే శ్రమ తప్పించడానికి దానిని తమ వద్దనే భద్రపరుస్తాయి. భద్రపరచడం తప్పు కాదు. దానిని తాళం వేయకుండా వదిలేయడమే ముప్పు తెచ్చిపెడుతుంది.

ఈ ప్రోగ్రాముల్లో విరివిగా వాడుకలో ఉన్న ఫైల్‌జిల్లా చాలా ఏళ్లపాటు పాస్‌వర్డ్‌లను ‘సైట్‌మేనేజర్’ అనే మామూలు ఫైలులో, ఎవరు తెరిచినా చదవగలిగే అక్షరాల్లోనే ఉంచేది. తరువాత బేస్64 అనే పద్ధతిలో రాయసాగింది గానీ, అది అక్షరాల రూపం మార్చడమే తప్ప ఎన్‌క్రిప్షన్ కాదు. ఎన్‌క్రిప్షన్ అంటే రహస్య సంకేతం తెలియనివారు చదవలేని విధంగా సమాచారాన్ని మార్చడం. బేస్64కు అటువంటి సంకేతమేదీ అక్కరలేదు కనుక క్షణాల్లో అసలు పాస్‌వర్డ్ బయటపడుతుంది. 2009లో వ్యాపించిన గంబ్లార్ అనే హానికర ప్రోగ్రాం, సోకిన కంప్యూటర్ల నుంచి సర్వర్ పాస్‌వర్డ్‌లను దొంగిలించి, వాటితో వెబ్‌సైట్లలోకి చొరబడి, ఆ సైట్లను చూడవచ్చినవారికి కూడా హాని అంటించింది.

తాళం లేని పాస్‌వర్డ్ ఎంత దూరం తీసుకుపోగలదో బ్రిటన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉదంతం చూపింది. అక్కడ లోపం ఫైల్ బదిలీ ప్రోగ్రాంలో లేకపోయినా, జరిగిన తీరు మాత్రం ఇటువంటిదే. 2018 జూన్‌లో ఆ సంస్థ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించిన దుండగులకు, మొత్తం వ్యవస్థపై అధికారం గల అడ్మినిస్ట్రేటర్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఒక ఫైలులో సాదా అక్షరాల్లో దొరికాయి. సెప్టెంబర్ వరకు సాగిన ఆ దాడిలో 4 లక్షలకు పైగా ఖాతాదారులు, సిబ్బంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. వ్యక్తిగత సమాచార రక్షణను పర్యవేక్షించే సమాచార కమిషనర్ కార్యాలయం 2020 అక్టోబర్‌లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా విధించింది.

నివారణ కష్టసాధ్యమేమీ కాదు. ఫైల్‌జిల్లాలో 2017 నుంచి మాస్టర్ పాస్‌వర్డ్ సదుపాయం ఉంది. దానిని ఎంచుకుంటే మిగిలిన పాస్‌వర్డ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయి, కానీ వాడేవారు తామే ఎంచుకోవాలి. పాస్‌వర్డ్‌లను గట్టి రక్షణలో ఉంచే ప్రత్యేక ప్రోగ్రాములైన పాస్‌వర్డ్ మేనేజర్లను బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం కూడా సిఫారసు చేస్తోంది. ఫైళ్లను సర్వర్‌కు పంపే పాత ఎఫ్‌టీపీ పద్ధతి పాస్‌వర్డ్‌ను దారిలో కూడా సాదాగానే పంపుతుంది కనుక ఎన్‌క్రిప్షన్ గల ఎస్‌ఎఫ్‌టీపీకి మారడం, ఒక్కొక్క ఖాతాకు అవసరమైనంత అధికారమే ఇవ్వడం కూడా అత్యవసరం.

ఒక చిన్న దుకాణం వెబ్‌సైట్ అయినా దానిలో కొనేవారి పేర్లు, చిరునామాలు ఉంటాయి. కనుక వెబ్‌సైట్ నడిపే ప్రతి ఒక్కరూ ఈ రోజే తమ ఫైల్ బదిలీ ప్రోగ్రాం సెట్టింగులు తెరిచి, పాస్‌వర్డ్‌లు ఏ రూపంలో ఉన్నాయో చూసుకుని, మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.