అమెరికా వీధికార్ల పందెములు

అమెరికాలో యువకులు రాజబాటలపై మోటారు కార్ల పందెములాడి ప్రాణములు పోగొట్టుకొనుచుండిరి. వారిని ప్రత్యేకమైన బాటకు మరల్చుటకై 1951లో వాలీ పార్క్సు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషను అను సంఘమును స్థాపించెను. ఇద్దరిద్దరుగా పావుమైలు పరుగు. నిత్యము ఎక్కి తిరుగు కారునైనను పరీక్షించి తోలనిత్తురు.

అందలి ‘బ్రాకెట్’ పందెపు నియమము విన్నప్పుడు నాకు మొదట నవ్వు వచ్చినది. తన కారు ఎన్ని సెకండ్లలో గమ్యము చేరునో తోలువాడు ముందే అద్దముపై వ్రాయవలెను. 16 అని వ్రాసినవానికి 13 అని వ్రాసినవానికంటె 3 సెకండ్లు ముందుగా పచ్చదీపము వెలుగును. కనుక పాత కారు సైతము గెలువవచ్చును. అయితే, వ్రాసినదానికంటె త్వరగా చేరెనా, ఓడినట్లే! మందకొడి కారని బొంకి ముందు బయలుదేరువానికి ఇదియే సంకెల. దీపమునకు ముందు కదలినను ఓటమియే. జాతీయ పందెములలో గెలిచినవానికి స్థాపకుని పేర ‘వాలీ’ యను ప్రతిమ నిత్తురు.