ఆవిరి యంత్రాల తిరునాళ్ళు

ఇంగ్లండు దేశపు పల్లెపట్టులలో వేసవి వచ్చిందంటే ఒక వింతైన తిరునాళ్ళు సాగుతుంది. అందులో దేవుడూ ఉండడు, రథమూ ఉండదు. పచ్చికబయలులో నూరేళ్ళు దాటిన ఇనుప యంత్రాలు బారులుతీరి నిలుస్తాయి. వాటి పొగగొట్టాలనుంచి పొగ, పక్కలనుంచి ఆవిరి, చుట్టూ వేడి నూనె వాసన. ముసలివారు ముఖాన మసి పూసుకొని ఇత్తడి భాగాలను తళతళ మెరిసేటట్లు తుడుస్తూ ఉంటారు. పిల్లలు ఈల మోగినప్పుడల్లా చెవులు మూసుకొని నవ్వుతూ ఉంటారు.

ఈ యంత్రాలలో ఎక్కువభాగం ట్రాక్షను ఇంజనులు, అంటే పట్టాలతో పనిలేకుండా సామాన్యమైన బాటమీద తమంతట తాము నడిచే ఆవిరి ఇంజనులు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇవి నూర్పిడి యంత్రాలను తిప్పినవి, బరువులు లాగినవి, పొలాలు దున్నినవి, రోడ్లు తొక్కినవి. వీటిని చూసి జనం ఎంత భయపడ్డారో 1865నాటి బ్రిటిషు చట్టాన్ని బట్టి తెలుస్తుంది. పల్లె బాటమీద గంటకు నాలుగు మైళ్ళు, ఊరిలో రెండు మైళ్ళు మించి పోరాదనీ, ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలనీ ఆ చట్టం శాసించింది. తరువాత పెట్రోలు, డీసెలు ఇంజనులు వచ్చి వీటిని మూలకు నెట్టినవి. వేలకొలది యంత్రాలు పాతయినుము క్రింద అమ్ముడుపోయినవి.

అటువంటి కాలంలో, 1950లో, ఆపిల్‌ఫోర్డు అనే గ్రామంలో ఆర్థర్ నాపర్ అనే రైతు తన పాత ఇంజనుతో మరొకరి ఇంజనుమీద పందెం కట్టాడు. పందెం ఒక చిన్న పీపా బీరు. నడకకంటె ఏమంత వేగంలేని ఆ పరుగును చూడటానికి జనం వచ్చారు, మరుసటి ఏళ్ళలో ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఆవిరి తిరునాళ్ళకు అదే నాంది అని చెప్పుకుంటారు. కాకతాళీయంగా అదే సంవత్సరం అమెరికాలో అయోవా రాష్ట్రపు మౌంట్ ప్లెజెంట్ పట్టణంలో పాత నూర్పిడి యంత్రాల కూడిక మొదలయింది. ఇంగ్లండులోని డార్సెట్ జిల్లాలో 1969లో ఆరంభమైన తిరునాళ్ళు అర్ధశతాబ్దికి పైగా సాగి, వందలకొలది ఆవిరి ఇంజనులను ఒకేచోట పని చేయిస్తూ ప్రసిద్ధికెక్కింది.

ఈ తిరునాళ్ళలో అసలు ముచ్చట తెల్లవారుజామున ఉన్నది. చల్లబడి ఉన్న ఇంజనును మేల్కొలపాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. కట్టెపుల్లలతో మంట వేసి, క్రమంగా బొగ్గు పేర్చి, బాయిలరులోని ఇనుమంతా నెమ్మదిగా, సమంగా వేడెక్కేటట్లు చూస్తారు. తొందరపడితే ఒకభాగం వ్యాకోచించి మరొక భాగం వ్యాకోచించక అతుకులు సడలుతాయి.

బాయిలరు నిర్మాణం చూడండి. వెనుకవైపు మంట ఉండే ఇనుప పెట్టె, దాని చుట్టూ, పైనా నీరు. మంటనుంచి వచ్చే వేడి వాయువులు సన్నని గొట్టాలగుండా నీటి మధ్యనుంచి ముందుకు పోయి పొగగొట్టం చేరతాయి. పొయ్యిమీద గిన్నె పెట్టినట్లు కాక, పొయ్యినే గిన్నెలో దింపినట్లన్నమాట. ఆ మంటపెట్టె పైకప్పు రేకుకు ఒకవైపు నిప్పు, మరొకవైపు నీరు. నీరున్నంతకాలం ఆ రేకు ఎర్రబడదు. తరగతిలో దీనిని చూపటం సులభం. దళసరి కాగితంతో దొన్నె చేసి, నీళ్ళుపోసి, చిన్న మంటమీద పెడితే నీళ్ళు మరుగుతాయి గాని కాగితం కాలదు. వేడినంతటినీ నీరు తీసుకొనిపోతుంది. నీరులేని అంచుకు మంట తగిలిందా, వెంటనే అంటుకుంటుంది. ఈ దొన్నె సంగతి గుర్తుంచుకోవాలి, ముందు అవసరమవుతుంది.

మూతలేని గిన్నెలో నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద మరుగుతుంది. ఇంట్లో ప్రెషరు కుక్కరులో అది సుమారు 120 డిగ్రీలకు పోతుంది. చదరపు అంగుళానికి 150 పౌనుల పీడనంలో పనిచేసే ట్రాక్షను ఇంజను బాయిలరులో నీరు సుమారు 186 డిగ్రీలవద్ద ఉంటుంది. ఆ పీడనాన్ని ఒక అరచేయంత జాగామీద ఊహించుకుంటే, రెండు వేల పౌనులకు పైబడిన త్రోపు.

ఆ త్రోపును చలనంగా మార్చేది సిలిండరు, అందులో అటూ ఇటూ ఆడే ముషలకం. ఆవిరి ఒకసారి ముషలకానికి ముందునుంచి, ఒకసారి వెనుకనుంచి ప్రవేశిస్తుంది. అనుభవజ్ఞుడైన డ్రైవరు ముషలకం కదలినంత దూరమూ బాయిలరునుంచి ఆవిరిని పోనివ్వడు. కొంత దూరం పోనిచ్చి ద్వారం మూసివేస్తాడు. లోపల చిక్కిన ఆవిరి తనంతట తాను వ్యాకోచిస్తూ మిగతా దూరం తోస్తుంది. బొగ్గు ఆదా అయ్యే రహస్యం ఇందులోనే ఉన్నది. బరువు లాగవలసి వచ్చినప్పుడు మాత్రం నిండుగా పోనిస్తాడు.

పని తీరిన ఆవిరి ఊరకే పోదు. దానిని ఒక సన్నని మూతిద్వారా పొగగొట్టంలోకి పైకి చిమ్ముతారు. అది పొగను తనతో లాక్కొనిపోతుంది. ఆ లాగుడుకు మంటపెట్టెలోకి క్రిందనుంచి కొత్తగాలి దూసుకువస్తుంది. ఇంజను ఎంత కష్టపడితే అంత ఆవిరి చిమ్ముతుంది, అంత గాలి వస్తుంది, అంత మంట మండుతుంది. అడగకుండానే అవసరానికి తగిన మంట! పిల్లలు అనుకరించే 'ఛుక్ ఛుక్' అనే చప్పుడు ఇదే. ఒకే సిలిండరున్న ట్రాక్షను ఇంజనులో క్రాంకు ఒకసారి తిరిగితే రెండు చప్పుళ్ళు, రెండు సిలిండర్ల రైలు ఇంజనులో నాలుగు.

ఒకే సిలిండరున్న ఇంజనుకు ఒక చిక్కు ఉన్నది. ముషలకం సరిగ్గా కొసకు చేరి ఆగిపోతే, ఆవిరి ఎంత తోసినా క్రాంకు తిరగదు. అప్పుడు డ్రైవరు పక్కనున్న పెద్ద గతిపాలక చక్రాన్ని చేతితో పట్టి కాస్త త్రిప్పుతాడు. పది టన్నుల యంత్రం ఒక మనిషి చేతి సాయం కోసం నిలబడి ఉండటం చూసేవారికి నవ్వు తెప్పిస్తుంది. బయలుదేరేటప్పుడు సిలిండరు క్రిందనుంచి బుస్సుమని తెల్లని మేఘం లేచేది కూడా అలంకారానికి కాదు. చల్లని సిలిండరులో ఆవిరి నీరుగా మారుతుంది. నీరు నొక్కితే కుదించుకుపోదు, కనుక దానిని బయటికి పోనివ్వకపోతే సిలిండరు మూత పగిలిపోతుంది. అన్నట్లు, ఆ తెల్లని మేఘం ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి తుంపరలు. అసలు ఆవిరి కంటికి కనపడదు. రక్షక కవాటం మూతికి వెంటనే పైన, మేఘం మొదలుకాకముందు కొద్దిమేర ఏమీలేనట్లు కనిపిస్తుంది. ఆవిరి ఉన్నది అక్కడే.

తిరునాళ్ళలో ఎక్కువమందిని నిలబెట్టేవి రెండు. ఒకటి దుక్కి ఇంజనులు. పొలానికి ఈ గట్టున ఒక ఇంజను, ఆ గట్టున ఒక ఇంజను. మధ్య ఉక్కు తాడు, తాడుకు పెద్ద నాగలి. ఇంజనులు గట్టుదాటి పొలంలోకి రావు, తాడును చుట్టుకుంటూ నాగలిని మాత్రం అటూ ఇటూ లాగుతాయి. టన్నుల బరువు నేలను అణగద్రొక్కరాదని ఈ ఏర్పాటు. నేటి బరువైన ట్రాక్టర్ల క్రింద పొలం గట్టిపడిపోతున్నదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుతున్న మాట వింటే, ఆ పాతవారి ఆలోచన మెచ్చదగినదే. లీడ్సులో ఈ ఇంజనులు తయారుచేసిన జాన్ ఫౌలరుకు రాయల్ వ్యవసాయ సంఘం 1858లో 500 పౌనుల బహుమతి ఇచ్చింది. రెండవది వినోద ప్రదర్శకుల ఇంజను. దాని పొగగొట్టం ముందు ఒక డైనమో ఉంటుంది. గతిపాలక చక్రంనుంచి పట్టా వేసి త్రిప్పితే రంగులరాట్నానికి దీపాలు వెలుగుతాయి. తీగలు రాని పల్లెలకు విద్యుద్దీపాన్ని చూపినవి ఇటువంటి ఇంజనులే.

ఇంత చేసినా ఈ యంత్రాలు తిండిపోతులే. కార్నో సూత్రం ప్రకారం లెక్క కట్టండి. వేడి వైపు 186, అంటే 459 నిరపేక్ష డిగ్రీలు. ఆవిరిని వదిలేది 100 వద్ద, అంటే 373. తేడా 86ను 459తో భాగిస్తే నూటికి 19 పాళ్ళు కూడా రాదు. అది ఏ నష్టమూలేని ఊహా యంత్రానికి. అసలు ఇంజనులో బొగ్గు శక్తిలో పదవ వంతు కూడా చక్రానికి చేరదు. మిగతాదంతా ఆకాశాన్ని వేడిచేయటానికే.

ఇక దొన్నె సంగతి. 2001 జూలై 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మెడినా జిల్లా సంత మైదానంలో 1918లో తయారైన ఒక ట్రాక్షను ఇంజను బాయిలరు పేలింది. ఐదుగురు మరణించారు, దాదాపు యాభైమంది గాయపడ్డారు. పరిశీలనలో తేలినది ఇది: మంటపెట్టె పైకప్పుమీద నీరు తగ్గిపోయింది; ఆ రేకు ఏళ్ళ తరబడి తుప్పుకు తిని పలచబడి ఉన్నది; ప్రమాదాన్ని ముందుగా తెలుపవలసిన సాధనాలు తమ పని చేయలేదు. నీరులేని రేకు ఎర్రగా కాగి మెత్తబడి పీడనానికి తాళలేక చినిగింది.

చినిగినంత మాత్రాన అంత విధ్వంసం ఎందుకు? ఇక్కడ గుప్తోష్ణం పాఠం పనికివస్తుంది. 186 డిగ్రీల నీటిమీది పీడనం ఒక్కసారి పోతే అది 100 డిగ్రీలకు దిగిరావాలి. ప్రతి గ్రాము నీరూ 86 కెలొరీలు వదలుకోవాలి. ఒక గ్రాము ఆవిరి కావటానికి 540 కెలొరీలు కావాలి. 86ను 540తో భాగిస్తే సుమారు ఆరవ వంతు. అంటే బాయిలరులోని నీటిలో ఆరింట ఒక వంతు కన్నుమూసి తెరిచేలోగా ఆవిరి అవుతుంది. కిలోగ్రాము నీటికి దాదాపు 270 లీటర్ల ఆవిరి! వందలకొలది కిలోగ్రాముల నీటికి ఎంతవుతుందో విద్యార్థులే లెక్క చూసుకోవచ్చు. బాయిలరులో మందుగుండు లోపలి ఆవిరి అనుకుంటారు గాని, అసలు మందుగుండు ఆ నీరే.

అందుచేతనే డ్రైవరు చూపు ఎప్పుడూ ఒక చిన్న గాజుగొట్టంమీద ఉంటుంది. బాయిలరులో నీరు ఎంతవరకు ఉన్నదో అదే చెప్పుతుంది. ఆ గొట్టం దారి పూడిపోతే అబద్ధం చెప్పుతుంది, కనుక రోజూ మరలు త్రిప్పి ఊది పరీక్షిస్తారు. పల్లంలోకి దిగేటప్పుడు నీరు ముందుకు పారి వెనుకనున్న మంటపెట్టె పైకప్పు బయటపడుతుంది. అందువల్ల దిగుడు రాకముందే నీరు ఎక్కువ పట్టుకొని ఉండాలి. పైకప్పులోనే సీసం నింపిన బిరడా ఒకటి ఉంటుంది. సీసం 327 డిగ్రీలవద్ద కరుగుతుంది. నీరు తగ్గితే అది కరిగి, ఆవిరి మంటమీదకు చిమ్మి హెచ్చరిస్తుంది. ఈ ఉపాయం రిచర్డ్ ట్రెవితిక్‌ది. 1803లో లండను దగ్గర గ్రీనిచ్‌లో ఆయన బాయిలరు పేలి నలుగురు చనిపోయిన తరువాత దీనిని ఏర్పాటు చేశాడు. రెండు శతాబ్దాలు గడిచినా అదే కారణం, అదే ఫలితం. మెడినా దుర్ఘటన తరువాత ఒహాయో ప్రభుత్వం పాత బాయిలర్ల తనిఖీకి, వాటిని నడిపేవారి లైసెన్సుకు చట్టం చేసింది. మన దేశంలో బాయిలర్ల తనిఖీకి 1923లోనే చట్టం ఉన్నది. 2025లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. తనిఖీలో బాయిలరును చన్నీటితో నింపి, పనిచేసే పీడనానికి మించిన పీడనంతో నొక్కి చూస్తారు. ఆవిరితో ఎందుకు చూడరని విద్యార్థులు అడిగితే పై లెక్కే జవాబు. చన్నీళ్ళతో ఉన్న బాయిలరు చినిగితే నీరు కారుతుంది, అంతే.

ఇంత ప్రమాదముంటే వీటిని మ్యూజియంలో చల్లగా ఉంచరాదా అనే వాదం ఉన్నది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. నడిపినకొద్దీ భాగాలు అరుగుతాయి, మార్చినకొద్దీ పాతది పోతుంది. స్టీఫెన్సన్ 1829నాటి 'రాకెట్' ఇంజనును నడపరు. నడపటానికి 1979లో దాని నకలు చేశారు. అది సరైన పని. కాని ఒక్కటే మిగలక, పదులకొలది మిగిలిన ఇంజనుల విషయం వేరు. ఆగిపోయిన ఇంజను ఆకారం చెప్పుతుంది గాని, నీటిమట్టం చూడటం, మంట పేర్చటం, చప్పుడును బట్టి బరువు తెలుసుకోవటం చెప్పలేదు. ఆ విద్య చేతినుంచి చేతికి రావలసినదే. మన దేశంలో 1855లో లీడ్సులో తయారైన 'ఫెయిరీ క్వీన్' రైలు ఇంజను 1909లో విశ్రాంతి పొంది, 1997లో తిరిగి పట్టాలెక్కింది. దానిని మేల్కొలపగలిగింది, ఆవిరి ఇంజను విద్య తెలిసినవారు అప్పటికి ఇంకా మిగిలి ఉండబట్టే.

బొగ్గు సంగతి మరొక చిక్కు. వేల్సులో మెర్తిర్ టిడ్‌విల్ దగ్గర ఆవిరి ఇంజనులకు పనికివచ్చే బొగ్గు తవ్వే గని 2023 చివర మూతపడింది. 1804లో ట్రెవితిక్ మొట్టమొదటి రైలు ఇంజను పది టన్నుల ఇనుమును లాగినది ఆ ఊరిలోనే. ఇప్పుడు ప్రదర్శనల వారు దూరదేశాలనుంచి బొగ్గు తెప్పించుకుంటున్నారు. రకరకాల పొడులను కలిపి ముద్దలుగా చేసి మండించి చూస్తున్నారు. ఆ ముద్దలలో కొన్ని బూడిద ఎక్కువగా దిగి మంటను ఆర్పివేస్తాయని డ్రైవర్ల ఫిర్యాదు.

సాయంత్రమవుతుంది. బూడిద లాగివేస్తారు గాని బాయిలరులో చన్నీళ్ళు గుప్పించరు. నింపేది కొంచెం కొంచెంగానే, గాజుగొట్టంలో నీరు పైదాకా వచ్చేవరకు. చల్లబడితే నీటి పరిమాణం తగ్గుతుందని వారికి తెలుసు. పొగగొట్టం మీద రేకుమూత పెట్టి, వేడిని లోపలే నిలిపి, గుడారాలకు పోతారు. తెల్లవారి వచ్చి చేయిపెట్టి చూస్తే బాయిలరు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది.