మీకు తెలుసా? లేవబోతున్న రాకెట్‌ను కంప్యూటరే ఆపేసింది!
2001 మార్చి 28. శ్రీహరికోటలో తొలి జీఎస్‌ఎల్‌వీ ఇంజన్లు మండాయి, పొగ కమ్మేసింది, రాకెట్ మాత్రం కదల్లేదు.

నడిమి భాగంలోని ఘన ఇంధనం ఒకసారి అంటుకుందంటే ఇక ఆర్పే దారి లేదు. అందుకే చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లను 4.8 సెకన్ల ముందే వెలిగిస్తారు. నాలుగూ చాలినంత థ్రస్ట్ ఇస్తున్నాయా అని కంప్యూటర్ చూస్తుంది. ఆ రోజు ఒకటి వెనకబడింది. మనిషి ఆలోచించి మీట నొక్కేంత వ్యవధి ఎక్కడిది? సుమారు ఒక్క సెకను మిగిలుండగా కంప్యూటరే అన్నింటినీ ఆర్పేసింది. దాదాపు 400 టన్నుల రాకెట్టూ, అందులోని జీశాట్-1 ఉపగ్రహమూ దక్కాయి. ఇస్రో గర్వించాల్సిన ఘడియల్లో ఇదీ ఒకటి. లోపం సరిచేశాక, ఏప్రిల్ 18న జీఎస్‌ఎల్‌వీ నింగికెగిసింది.